డిగ్రీకి రోజుకు మూడు గంటలు.. ఆ గంటలు ఎవరు ఇవ్వాలి?

జూలై, జనవరి వచ్చాయంటే ఓపెన్ యూనివర్సిటీల అడ్మిషన్ల హడావిడి మొదలవుతుంది. ఈ సీజన్‌లో మన ఇళ్లలో ఇప్పుడు ఒక మంచి మాట వినిపిస్తోంది. నిఖాతో ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెడతానని కోడలు అంటోంది, ఇంట్లోవాళ్లు సరేనంటున్నారు. రోజూ కాలేజీకి పోవాల్సిన పని లేదు, బస్సు ఖర్చు లేదు, పర్దా గురించి పేచీ లేదు, పిల్లలు కళ్లముందే ఉంటారు. "ఇంట్లో కూర్చునే చదువుకుంటుంది కదా" అని అత్తగారు కూడా ఒప్పేసుకుంటుంది.

చిక్కంతా ఆ మాటలోనే ఉంది. ఇంట్లో కూర్చుని చదవడమంటే రోజుకు ఎన్ని గంటలు కూర్చోవాలో ఫీజు కట్టేటప్పుడు ఎవరూ అడగరు. ఆమె కూర్చున్నప్పుడు పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారో, రెండేళ్ల పిల్లాడిని ఎవరు ఎత్తుకుంటారో అసలే అడగరు.

గంటల సంగతి యూనివర్సిటీలు దాచిపెట్టలేదు. ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. పుస్తకం చదవడం, పాఠం వినడం, అసైన్‌మెంట్ రాయడం అన్నీ అందులోనే. యూజీసీ 2022లో ఇచ్చిన కరికులం ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. ఏ దారిలో పోయినా ఏడాదికి 40 క్రెడిట్లు, అంటే 1200 గంటలు. ఆదివారం, పండగ, పిల్లలకు జ్వరం ఏదీ తీసెయ్యకుండా 365 రోజులకు పంచినా రోజుకు మూడుంబావు గంటలు పడుతుంది.

దీని పక్కన ఇంకో లెక్క పెట్టండి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. పిల్లలను, పెద్దలను చూసుకునే పనికి ఆడవాళ్లు 134 నిమిషాలు, మగవాళ్లు 76. ఈ సగటులను నేరుగా కూడకూడదు గానీ, చిన్నపిల్లల తల్లి రెండు పనులూ చేస్తుంది కాబట్టి ఏడు గంటలు అనుకుంటే పెద్ద తప్పు కాదు. ఏడుకు మూడుంబావు కలిపితే పదింబావు. ఇందులో ఆమె కుట్టుపని లేదు, ప్రైవేటు స్కూల్లో టీచర్ ఉద్యోగం లేదు, నమాజులు లేవు, పడక పట్టిన మామగారి మందులు లేవు.

మిగిలేది నిద్ర ఒక్కటే. చాలామంది తల్లులు అక్కడి నుంచే కోసుకుంటున్నారు. పిల్లలు పడుకున్నాక రాత్రి పదికి పుస్తకం తీస్తారు. భర్త సౌదీలో ఉంటే సరిగ్గా అదే వేళకు వీడియో కాల్ వస్తుంది. అక్కడ ఏడున్నర, డ్యూటీ దిగి వచ్చిన మనిషి, మాట్లాడకుండా ఎలా ఉంటారు? పుస్తకం మూతపడుతుంది. ఫజ్ర్ తర్వాత గంటసేపు చదువుకుందామంటే, అమ్మ లేచిన అలికిడికే చంటిది లేస్తుంది. పిల్లలున్న ఇంట్లో టైమ్‌టేబుల్ గోడ మీదే ఉంటుంది.

ఇలా రెండు సెమిస్టర్లు గడిచాక నాలుగు పేపర్లు పోతాయి. అప్పుడు ఇంట్లో వచ్చే మాట అందరికీ తెలిసిందే. "నీ వల్ల కాదని ముందే చెప్పాం కదా." గంటలు ఇవ్వని ఇల్లు, గంటలు లేని మనిషిని ఫెయిల్ అంటుంది. ఫీజు కింద పోయిన నాలుగైదు వేలకంటే పెద్ద నష్టం ఇది. ఆ అమ్మాయి రెండోసారి అడగదు. ఆమెను చూసిన ఆడబిడ్డ మొదటిసారి కూడా అడగదు.

ఇంకో ప్రమాదం కూడా ఇక్కడే పొంచి ఉంది. టైమ్ లేని మనిషికి "వన్ సిట్టింగ్ డిగ్రీ" అని కరపత్రం పంచేవాడు దొరుకుతాడు. ఒక్కసారి వచ్చి రాసిపోతే చాలు, మూడేళ్ల సర్టిఫికెట్ చేతికి అంటాడు. వేరే రాష్ట్రం యూనివర్సిటీ పేరు చెబుతాడు. యూజీసీ నిబంధనల్లో ఇలాంటి డిగ్రీకి చోటే లేదు. రాష్ట్ర యూనివర్సిటీలు తమ పరిధి దాటి స్టడీ సెంటర్లు నడపడానికి కూడా వీల్లేదు. దూరవిద్యకు ఏ యూనివర్సిటీకి, ఏ కోర్సుకు అనుమతి ఉందో యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లో పెడుతుంది. 2024 నుంచి విద్యార్థి తన పేరు మీద డెబ్ ఐడీ తీసుకున్నాకే అడ్మిషన్. ఆ ఐడీ సంగతి ఎత్తకుండా డబ్బు అడిగేవాడిని నమ్మకండి. సక్రమంగా వచ్చిన దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది కూడా. అసలు దారి ఉండగా దొంగ దారి ఎందుకు?

అసలు దారిలో మనవాళ్లు వాడుకోని సౌకర్యం ఒకటుంది. అది నెమ్మదిగా నడిచే హక్కు. మూడేళ్ల డిగ్రీ పూర్తి చెయ్యడానికి ఇగ్నో ఆరేళ్ల వరకు గడువు ఇస్తూ వచ్చింది. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో రెండుసార్లు జరుగుతాయి. ఏ దఫాలో ఏ పేపర్లు రాయాలో ఫారం నింపేటప్పుడు విద్యార్థే ఎంచుకోవచ్చు. అదే 120 క్రెడిట్లను ఆరేళ్లకు పంచితే రోజుకు గంటా నలభై నిమిషాలు. చంటిబిడ్డ తల్లికి ఇది కూడా తక్కువేం కాదు, కానీ జరిగే పని. పాలు తాగే బిడ్డ ఉన్న ఏడాది రెండు పేపర్లే రాసి, బిడ్డ అంగన్‌వాడీకో ఎల్‌కేజీకో వెళ్లాక వేగం పెంచితే దాన్ని ఓటమి అనుకోనక్కర్లేదు. మన దగ్గర మాత్రం "ఇంకా అవ్వలేదా?" అనే ప్రశ్నకు భయపడి అన్ని పేపర్లకూ ఒకేసారి ఫారం నింపేస్తారు. గడువు నిబంధనలు కోర్సును బట్టి మారతాయి, చేరేముందు ప్రాస్పెక్టస్‌లో గరిష్ఠ కాలం ఎంతో ఒకసారి చూసుకోవాలి.

2022 ఏప్రిల్‌లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి అనుమతి ఇచ్చింది. ఆ తర్వాత ఎం.ఏ.తో పాటు ఇంకో కోర్సు కూడా కట్టేద్దాం, రెండూ ఒకేసారి అయిపోతాయి అనే ఆలోచన పెరిగింది. పెళ్లికాని పిల్లలకు అది బాగానే ఉండొచ్చు. ఇద్దరు పిల్లల తల్లి రెండు డిగ్రీలు కట్టడమంటే, నా ఉద్దేశంలో, రెండిటికీ ఫీజు కట్టి ఒకదాన్నీ చదవకపోవడమే.

బీఈడీ గురించీ ఒక మాట. పిల్లలు స్కూలుకు వెళ్లే టైమే నా ఉద్యోగం టైమ్ అవుతుందని చాలామంది అక్కాచెల్లెళ్లు డిస్టెన్స్ బీఈడీ అడుగుతారు. ఎన్‌సీటీఈ నిబంధనల ప్రకారం అది డిగ్రీ ఉన్న అందరికీ కాదు. ఎలిమెంటరీ స్థాయిలో శిక్షణ పొంది పనిచేస్తున్న టీచర్లకు, లేదా రెగ్యులర్‌గా గుర్తింపు ఉన్న టీచర్ ట్రైనింగ్ చేసినవారికి మాత్రమే. పైగా వర్క్‌షాపులు, స్కూల్లో ఇంటర్న్‌షిప్ తప్పవు. పూర్తిగా ఇంట్లో కూర్చుని అయ్యే కోర్సు కాదది.

చదివే భాష కూడా గంటలను పెంచుతుంది, తగ్గిస్తుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ తెలుగు మీడియంలో పది చదివిన అమ్మాయి ఇంగ్లిష్ పుస్తకంతో కుస్తీ పడితే 30 గంటల క్రెడిట్‌కు 50 గంటలు పడుతుంది. హైదరాబాద్‌లో 1982లో మొదలైన, దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ అయిన అంబేద్కర్ యూనివర్సిటీ తెలుగులో పాఠాలు ఇస్తోంది. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీని 1998లో పెట్టినప్పుడే దూరవిద్య, ఆడవాళ్ల చదువు దాని లక్ష్యాల్లో ఉన్నాయి. అయితే అక్కడ ఉర్దూ చదివినట్టు రుజువు కావాలి. మాట్లాడటం వస్తే చాలదు. గుంటూరు, ప్రకాశం, కర్నూలు వైపు మన పిల్లల్లో ఉర్దూ లిపి రానివాళ్లు తక్కువేమీ కాదు. పేరు చూసి కాకుండా ఏ లిపి వేగంగా చదవగలరో చూసి చేరడం మేలు.

మన క్యాలెండర్‌కు, వాళ్ల క్యాలెండర్‌కు ఉన్న పేచీ వేరు. ఇగ్నో జూన్ పరీక్షలకు అసైన్‌మెంట్లు మామూలుగా మార్చి నెలాఖరుకు ఇవ్వాలి. ఈ మధ్య కొన్నేళ్లుగా రంజాన్ అటూ ఇటూగా అక్కడే వస్తోంది. సహరీకి మూడింటికి లేచి, ఇఫ్తార్‌కు వండి, తరావీహ్ అయ్యేదాకా మేలుకుని, ఆమె అసైన్‌మెంట్లు ఎప్పుడు రాయాలి? అందుకే "రెడీమేడ్ అసైన్‌మెంట్లు" అమ్మేవాళ్లకు ఆ నెలలో గిరాకీ. చాలా కోర్సుల్లో అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం మార్కుల బరువు ఉంటుంది. కొనుక్కుని ఇచ్చినవాళ్లు ఆ 70 దగ్గర ఆగిపోతారు. బక్రీద్ 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న వచ్చింది, సరిగ్గా పరీక్షల నెలలోనే. పండగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఆ ఇబ్బంది తొలగుతోంది. అసైన్‌మెంట్ల ఇబ్బందికి మాత్రం మందు మనింట్లోనే ఉంది. షాబాన్ నాటికే రాసి పక్కన పెట్టేస్తే సరి. ఆ రెండు మూడు వారాలు వంటింటి పని ఎవరో ఒకరు పంచుకుంటేనే అది సాధ్యం.

ఆ ఎవరో ఒకరు ఎవరు? చాలా ఇళ్లలో అది నానీ లేదా పెళ్లికాని చెల్లెలు. అంటే ఒక ఆడదాని చదువు భారం ఇంకో ఆడదాని మీద పడుతుంది. చెల్లెలి ఇంటర్ పరీక్షలు వచ్చినప్పుడు ఆపా చదువు ఆగిపోతుంది. ప్రవక్త ముహమ్మద్ (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో ఉండేవారని, అజాన్ వినిపించగానే నమాజుకు వెళ్లేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన హదీసు బుఖారీలో ఉంది. సున్నత్ గురించి గడ్డం, మిస్వాక్ దాకా మాట్లాడే మగవాళ్లు ఈ సున్నత్ దగ్గరకు వచ్చేసరికి ఎందుకో మాట మార్చేస్తారు. రోజూ ఇషా తర్వాత గంటన్నర పిల్లలను తండ్రి చూసుకుంటే ఆరేళ్ల లెక్కలో డిగ్రీ దాదాపు వచ్చేసినట్టే. గల్ఫ్‌లో ఉన్న భర్త కాల్ టైమ్ మార్చుకోవచ్చు, శుక్రవారం సెలవు రోజు ఎక్కువసేపు మాట్లాడుకోవచ్చు. అడ్మిషన్ ఫారం నింపే రోజే ఈ గంటన్నర ఎవరిదో పేరుతో సహా తేల్చుకోవాలి. తర్వాత చూద్దాంలే అంటే పరీక్షల వారంలో గొడవలే మిగులుతాయి.

ఇంటిని మాత్రమే అంటే న్యాయం కాదు. మెటర్నిటీ బెనిఫిట్ చట్టానికి 2017లో చేసిన సవరణతో 50 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట క్రెష్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని నిబంధన వచ్చింది. ఆ హక్కు ఉద్యోగం చేసే తల్లికి ఉంది. అదే పట్టణంలో ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా పరీక్ష రాసే తల్లికి లేదు. మూడు నెలల బిడ్డను ఎత్తుకుని అమ్మమ్మ పరీక్ష సెంటర్ గేటు బయట, జూన్ ఎండలో, ఆటోలోనే కూర్చుంటుంది. యూజీసీ 2021 డిసెంబరులో గర్భిణులకు, బాలింతలకు హాజరులో, పరీక్ష ఫారం గడువుల్లో సడలింపు ఇవ్వమని యూనివర్సిటీలకు రాసింది. హాజరే లేని దూరవిద్యలో తల్లికి దానివల్ల ఒరిగేది చాలా తక్కువ. ఆమెకు కావాల్సింది గేటు లోపల ఒక గది, ఫ్యాను, నీళ్లు, మధ్యలో పది నిమిషాలు బిడ్డకు పాలిచ్చి ఆ టైమ్‌ను చివర్లో కలిపి ఇచ్చే నిబంధన. పరీక్ష సెంటర్లు ఎక్కువగా కాలేజీలే కాబట్టి గదులకు కొదవ లేదు. ఉర్దూ యూనివర్సిటీ, అంబేద్కర్ యూనివర్సిటీ ఈ పని ముందు మొదలుపెట్టొచ్చు. మన పట్టణాల్లోని మస్జిద్ కమిటీలు, జమాతులు వచ్చే దఫా పరీక్షలకు ముందే స్థానిక సెంటర్ ప్రిన్సిపాల్‌కు అర్జీ పెట్టొచ్చు. గది దొరకకపోతే దగ్గర్లోని షాదీఖానానో, మదర్సా హాలునో ఆ నాలుగు రోజులు తల్లులకు, పిల్లలకు తెరిచి ఉంచొచ్చు.