కొయ్యకాళ్లలోనే యాసంగి పంట

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో చెరువుల కింద వానాకాలం వరి కోతలయ్యాక చాలా పొలాల్లో మొదట కొయ్యకాళ్లకు నిప్పు పెడతారు, ఆ వెనకే ట్రాక్టరు దిగుతుంది. హార్వెస్టర్ వదిలిన గడ్డిని కాల్చి, నీళ్లు పెట్టి, దమ్ము చేస్తేగాని యాసంగి మొదలైనట్టు కాదన్నది పాతుకుపోయిన నమ్మకం. కానీ చెరువు కింది మాగాణిలో వరి తర్వాత దున్నకుండానే మొక్కజొన్న వేస్తే రైతుకూ నేలకూ మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

రుజువు కోసం దూరం వెళ్లక్కర్లేదు. కృష్ణా, గుంటూరు జిల్లాల మాగాణుల్లో వరి తర్వాత మినుము చల్లడం ఆనవాయితీ. పల్లాకు తెగులు, బంగారు తీగ ఆ పైరును దెబ్బతీయడంతో ఎందరో రైతులు దున్నకుండా వేసే (జీరో టిల్లేజ్) మొక్కజొన్నకు మళ్లారు. వరి కోశాక పదును ఆరకముందే తాడు పట్టి, రెండడుగుల ఎడంతో సాళ్లు చూసుకుని, జానెడుకో రంధ్రం పొడిచి గింజ వేసి మట్టి కప్పుతారు. ఎకరాకు సుమారు 33 వేల మొక్కలు నిలుస్తాయి. దుక్కి ఖర్చూ, దానికి పట్టే రోజులూ మిగులుతాయి. వరికి పెట్టే నీటిలో సుమారు సగంతోనే పంట చేతికొస్తుంది. బోర్లు అడుగంటే ఈ ప్రాంతంలో ఇది చిన్న సంగతి కాదు. పైగా టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ ఉంటాయి. కాలిస్తే ఆ నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది, ఆ పొగ పక్క కాలనీల ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. పొలంలోనే వదిలితే గడ్డి తేమను కాపాడి, కుళ్లి ఎరువవుతుంది.

దున్నకుంటే మన ఎర్రనేల గట్టిపడిపోదా అన్న ప్రశ్న న్యాయమైనదే. హయత్‌నగర్‌లో కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రీడా) శాస్త్రవేత్తలు వర్షాధారపు ఎర్రనేలల్లో జొన్న, ఆముదం పంటలపై ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాల్లో దుక్కి తగ్గించిన మడుల్లో దిగుబడి తగ్గింది. కప్పు లేని చెల్కపై వాన చినుకు పడితే పైన పెచ్చు కడుతుంది, నీరు ఇంకక జారిపోతుంది. అందుకే ఈ పద్ధతిని మెట్ట చెల్కల్లో కాక, కోత తర్వాత కూడా పదును నిలిచే మాగాణిలో, గడ్డి కప్పుతోనే మొదలుపెట్టాలి. పశువులకు మేత కావాలన్నది మరో అభ్యంతరం. మేతకు కావలసినంత తీసుకెళ్లి, మిగిలినది వదలమనే అడుగుతున్నాను. కాల్చిన గడ్డి పశువుకూ దక్కదు, నేలకూ దక్కదు. అన్నిటికన్నా బరువైనది కలుపు సమస్య. కోస్తాలో చాలామంది విత్తగానే పారాక్వాట్ అనే కలుపు మందు కొడుతున్నారు. ఒంట్లోకి పోతే విరుగుడు లేని ఆ మందును ఇక్కడికి తేవద్దు. గడ్డి కప్పు కొంత కలుపును అణుస్తుంది, మిగిలినదానికి తొలి నలభై రోజుల్లో కూలీలను పెట్టాల్సిందే. దుక్కిలో మిగిలిన డబ్బు అందుకు వాడుకోవచ్చు.

మాటలతో రైతు మారడు, పక్క మడిని చూసి మారతాడు. వ్యవసాయ శాఖ ఈ మండలాల్లో ప్రతి చెరువు ఆయకట్టులో ఒక్కో ప్రదర్శన క్షేత్రం పెట్టి, దుక్కి పొలంతో పోల్చి ఖర్చూ దిగుబడీ ఊరందరి ముందు లెక్కగట్టాలి. రైతన్నలు కూడా ఈ యాసంగికి ఒక్క అరెకరంలో నిప్పు పెట్టకుండా, నాగలి దించకుండా గింజ వేసి చూడాలి.