పెట్టెలు కాదు, విడి సిగరెట్లు లెక్కపెట్టాలి



మన సంఘాలు ఏటా హైదరాబాద్, విశాఖ బస్తీల్లో హెల్త్ క్యాంపులకు డబ్బు పంపుతుంటాయి. వాటిలో పొగ మానమని చెప్పే క్యాంపులూ ఉంటాయి. ఒక బ్యానరు, నాలుగు ఉపన్యాసాలు, కరపత్రాలు, గ్రూప్ ఫొటో. మంచి పనే, కాదనను. కానీ ఆ బస్తీలో ఎవరు ఏం తాగుతున్నారు, ఎక్కడ కొంటున్నారు, రోజుకు ఎంత పెడుతున్నారు అని అడిగితే డబ్బు పంపిన మన దగ్గర జవాబు లేదు. ఉద్యోగంలో రిక్వైర్‌మెంట్స్ రాసుకోకుండా కోడ్ మొదలుపెడితే మన మేనేజర్ ఊరుకుంటాడా? ఊరి పనికి వచ్చేసరికి ఆ నియమం ఎందుకు మరచిపోతాం?

దేశం మొత్తానికి లెక్కలు లేకపోలేదు. గ్లోబల్ అడల్ట్ టొబాకో సర్వే భారతదేశంలో 2009-10లో ఒకసారి, 2016-17లో ఒకసారి జరిగింది. పొగాకు ఏదో ఒక రూపంలో వాడే పెద్దవాళ్ళు మొదటిసారి 34.6 శాతం, రెండోసారి 28.6 శాతం. రెండో సర్వేలో 74 వేల మందికి పైగా మాట్లాడారు. చాలా జాగ్రత్తగా చేసిన పని. అయితే అది రాష్ట్రం స్థాయి వరకే చెబుతుంది. బోరబండ సంగతేమిటి, విశాఖ జాలరిపేట సంగతేమిటి అంటే అందులో జవాబు దొరకదు. ఆ పని మనం చెయ్యగలం. పెద్ద ఖర్చు కూడా కాదు.

అయితే ఏం అడగాలన్నది ముఖ్యం. "రోజుకు ఎన్ని పెట్టెలు?" అనే ప్రశ్న అమెరికాలో సరిపోతుంది. ఇక్కడ ఇరవైకి తక్కువగా విడగొట్టి అమ్మకూడదని 2010 నుంచి ఫెడరల్ నిబంధన ఉంది. మన బస్తీలో పెట్టె కొనేవాడెవరు? మొన్న సెలవులో ఒక లేబర్ అడ్డా పక్కన పాన్ డబ్బా దగ్గర టీ తాగుతూ అరగంట నిలబడ్డాను. వచ్చినవాళ్ళంతా ఒకటి, రెండు కొన్నారు. తాడుకు వేలాడే లైటర్‌తో అక్కడే అంటించుకుని వెళ్ళారు. పెట్టె ముట్టుకున్నది డబ్బా ఆయన ఒక్కడే.

దీని అర్థం ఆలోచించండి. 2016 ఏప్రిల్ నుంచి పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలని నిబంధన. దానికోసం ఎంత పోరాటం జరిగిందో మీకు తెలుసు. విడిగా కొనేవాడి చేతికి ఆ బొమ్మ రానే రాదు! పన్ను పెంచినా అంతే. పెట్టె మీద ఇరవై రూపాయలు పెరిగితే కళ్ళకు కనిపిస్తుంది. ఒక్క సిగరెట్ మీద అదే ఒక రూపాయి, చిల్లరలో కలిసిపోతుంది. కానీ ఒక్కోటి పది రూపాయల చొప్పున రోజుకు నాలుగనుకుంటే నెలకు 1200. కూలి దొరకని రోజులు కూడా ఉండే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

అందుకే నెల ఖర్చు అడిగి లాభం లేదు, ఎవరూ రాసిపెట్టుకోరు. జాతీయ సర్వే అడిగినట్టే అడగాలి: చివరిసారి కొన్నప్పుడు ఎన్ని కొన్నారు, ఎంత ఇచ్చారు, ఎక్కడ కొన్నారు? దానికి మనం ఇంకో రెండు కలపాలి: నగదుకా, ఖాతాకా? ఆ కొట్టు బడికి ఎంత దూరం? బడి నుంచి వంద గజాల లోపు అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది.

సిగరెట్ ఒక్కటే అడిగినా తప్పే. 2016-17లో సిగరెట్ తాగేవాళ్ళు 4 శాతమైతే బీడీ తాగేవాళ్ళు 7.7 శాతం. 2025 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ బీడీ మీద పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. సిగరెట్ మానేసి బీడీకి మారితే మానేసినట్టా? ఇక ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళున్నారు. అంగిలి మీద పుండ్లు, నోటి క్యాన్సర్ ఆ అలవాటుతో వస్తాయని డాక్టర్లు ఎప్పటి నుంచో రాస్తున్నారు. "సిగరెట్ తాగుతారా?" అని అడిగితే ఆ అమ్మ "లేదు బాబూ" అంటుంది. అది అబద్ధం కాదు, మన ప్రశ్నే సరిగ్గా లేదు.

అడిగే తీరు కూడా ముఖ్యమే. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు, పేరు పోతే పథకాలు పోతాయేమోనని జనం ఎక్కడెక్కడి నుంచో ఊళ్ళకు పరుగెత్తారు. బస్తీలో సర్వే అంటే ఇప్పటికీ రేషన్ కార్డే గుర్తుకొస్తుంది. కాబట్టి పేరు వద్దు, ఆధార్ అసలే వద్దు. తండ్రి ముందు కొడుకును, భర్త ముందు భార్యను అడగవద్దు. అడిగేవాళ్ళు ఆ బస్తీ ఆడపిల్లలు, కుర్రాళ్ళే అయితే మేలు, వాళ్ళకు కూలి కట్టివ్వాలి. ఫోన్‌లో నడిచే ఫారం మనం రాసిద్దాం.

లెక్క చేతికొచ్చాక ఏం అడగాలి? విడి అమ్మకాలను కర్ణాటక 2017లో, మహారాష్ట్ర 2020లో నిషేధించాయి. మన రెండు రాష్ట్రాలనూ అదే అడగాలని నా అభిప్రాయం. కానీ ఒక హెచ్చరిక. న్యూయార్క్‌లో 2014 జూలైలో విడి సిగరెట్లు అమ్ముతున్నాడన్న అనుమానంతో పోలీసులు ఎరిక్ గార్నర్‌ను పట్టుకున్నారు, మెడ చుట్టూ చెయ్యి బిగించారు, ఆయన చనిపోయాడు. నిషేధం కానిస్టేబుల్ చేతిలో మామూళ్ళ యంత్రం కాకూడదు. అందుకే సర్వేలో డబ్బా నడిపేవాళ్ళనూ అడగాలి: విడి అమ్మకం మీద ఎంత మిగులుతుంది, అది పోతే ఇంకేం అమ్ముతారు? జరిమానా కంపెనీ మీదా, డీలరు మీదా పడాలి గానీ, అడ్డా దగ్గర డబ్బా పెట్టుకున్నవాడి మీద కాదు.

నా ప్రతిపాదన చిన్నది. ఈ ఏడాది ఒక క్యాంపు ఆపి, ఆ డబ్బుతో ఒకే బస్తీలో 300 ఇళ్ళు అడుగుదాం. ఫలితాలు మన ఇంగ్లీషు రిపోర్టులో దాచకుండా తెలుగులో, ఉర్దూలో రాసి బస్తీ దవాఖానా గోడకు అంటిద్దాం. ఏడాది తర్వాత మళ్ళీ అడుగుదాం. ఒక్క సిగరెట్ తగ్గినా లెక్కలో కనిపిస్తుంది. తగ్గకపోతే, మన డబ్బు పనిచెయ్యడం లేదన్న సంగతైనా తెలుస్తుంది. ఫారం రాయడానికి ఇద్దరు, ఖర్చు పంచుకోవడానికి పదిమంది కావాలి. మీలో ఎవరు కలిసొస్తారు?