కోడ్‌తో పోని పాసంగం

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక ధీమా ఉంది. సెన్సర్ నుంచి ఎంత చెత్త వచ్చినా ఫరవాలేదు, కోడ్‌లో ఫిల్టర్ చేసేద్దాం అని. ఎలక్ట్రానిక్ కాటాల విషయంలో ఈ ధీమా చెల్లదని నా అభిప్రాయం.

పసిపిల్లల్ని తూచే 20 కిలోల కాటానే తీసుకుందాం. లోపల ఒక లోహపు దిమ్మ, దానికి అతికించిన స్ట్రెయిన్ గేజ్‌లు ఉంటాయి. (1938లో అమెరికాలో సిమ్మన్స్, రూజ్ అనే ఇద్దరు ఎవరికి వారుగా కనిపెట్టినవి ఇవే.) బరువు పడితే దిమ్మ కంటికి కనపడనంత వంగుతుంది, గేజ్ నిరోధం పిసరంత మారుతుంది. నాలుగు గేజ్‌లని వీట్‌స్టన్ బ్రిడ్జిగా కలిపితే ఆ మార్పు వోల్టేజి తేడాగా బయటికొస్తుంది. ఎంత? 5 వోల్టులిస్తే నిండు బరువుకి సుమారు 10 మిల్లీవోల్టులు. అంటే గ్రాముకి అర మైక్రోవోల్టు! అదీ 2.5 వోల్టుల నెత్తిన కూర్చుని ఉంటుంది. ఆ రెండున్నర వోల్టుల్ని వదిలేసి తేడాని మాత్రమే పెంచడం యాంప్లిఫయర్ పని.

చవకగా దొరికే హెచ్‌ఎక్స్711 చిప్ దాన్ని 128 రెట్లు పెంచి 24 బిట్ల అంకెగా ఇస్తుంది. దాని సొంత రొద సుమారు 50 నానోవోల్టులు, అంటే గ్రాములో పదో వంతు. వంద రీడింగుల సగటు తీస్తే అదీ పదో వంతుకి పడిపోతుంది. ఇంతవరకూ గెలుపు మనదే.

అసలు దొంగ వేరే చోట ఉన్నాడు. గేజ్ రేకు తరచు కాన్‌స్టాంటన్ అనే మిశ్రమలోహం, వైరేమో రాగి. ఈ రెండూ కలిసే అతుకుల మధ్య ఒక్క డిగ్రీ తేడా ఉంటే 40 మైక్రోవోల్టులు పుడతాయి. మన కాటాలో 80 గ్రాములు! తొలి నెలల్లో బిడ్డ రోజుకి పెరిగేది 20-30 గ్రాములే. లక్ష రీడింగుల సగటు తీసినా ఆ 80 గ్రాములు కదలవు, పైగా అంకె మరీ నిలకడగా, నమ్మకంగా కనిపిస్తుంది.

పాతకాలం కొట్లో తూచేముందు పాసంగం చూసేవారు. ఇప్పటి టేర్ బటనూ అదే. కానీ బటన్ నొక్కాక వేడి మారితే? దీనికి మందుంది: బ్రిడ్జికిచ్చే కరెంటు దిశని తిప్పి మళ్ళీ కొలవడం. బరువు సంకేతం తిరగబడుతుంది, అతుకుల వోల్టేజి తిరగబడదు. ఒకదాన్నుంచి ఇంకోటి తీసేస్తే అది ఎగిరిపోతుంది. తీసివేత చేసేది కోడే, కాదనను. కానీ దిశ తిప్పే స్విచ్ బోర్డు మీద ఉండాలి కదా. హార్డ్‌వేర్ వాళ్ళు దానికోసం నాలుగు ట్రాన్సిస్టర్లు అడిగినప్పుడు, "అక్కర్లేదు, కోడ్‌లో చూసుకుంటాం" అనే గొంతు చాలాసార్లు మనదే.