కార్లటన్ ఓటమికి బ్యాలెట్‌ను నిందించకండి

సంపాదకులకు,

కెనడాలోని కార్లటన్‌లో కన్సర్వేటివ్ నేత పియెర్ పోలియెవ్ ఓడింది 91 మంది పేర్లున్న బారెడు బ్యాలెట్ వల్లేనని మీ వ్యాసకర్త తేల్చేశారు. లెక్క అందుకు ఒప్పుకోదు. 2025 ఏప్రిల్‌లో గెలిచిన లిబరల్ అభ్యర్థి బ్రూస్ ఫాన్‌జాయ్‌కి పోలైన ఓట్లలో సగానికి పైగా పడ్డాయి. మిగతా అందరి ఓట్లూ కలిపి పోలియెవ్ ఖాతాలో వేసినా సీటు దక్కేది కాదు. 2004 నుంచి ఆయన్నే గెలిపిస్తూ వచ్చిన ప్రాంతమిది. 2021లో దాదాపు సగం ఓట్లు తెచ్చుకున్న ఆయన ఈసారీ 46 శాతం దాకా నిలబెట్టుకున్నారు. అసలు కరిగిపోయింది వామపక్ష పార్టీ ఎన్‌డీపీ ఓటు. ట్రంప్ సుంకాల బెదిరింపులతో వామపక్ష ఓటరు లిబరల్ గొడుగు కిందికి చేరాడు. కార్లటన్ ఉన్న ఒట్టావా శివార్లలో ప్రభుత్వోద్యోగులు మెండు. సిబ్బందిని తగ్గిస్తామన్న పోలియెవ్ మాట వారికి రుచించి ఉండదు.

పొడవాటి బ్యాలెట్ వల్ల లెక్కింపు ఆలస్యమైంది, నిజమే. అయితే అదే ఏడాది ఆగస్టులో ఆల్బర్టాలోని బ్యాటిల్ రివర్–క్రోఫుట్ ఉపఎన్నికలో అభ్యర్థులు 200 దాటినా పోలియెవ్‌కు 80 శాతం ఓట్లు వచ్చాయి. అది కంచుకోట కదా అంటారేమో. నేననేదీ అదే: ఫలితం తేల్చింది నియోజకవర్గ స్వభావం, అభ్యర్థుల సంఖ్య కాదు. ఆ వ్యాఖ్యను వచ్చే సంచికలో సవరించగలరు.

— ఒక పాఠకుడు