సొరబుర్రా వెదురుబుట్టా కళే

ఎండిన సొరబుర్రతో చేసిన వాద్యం, వెదురు బద్దలతో అల్లిన బుట్ట చేతిపనులనీ, కాన్వాసు మీది బొమ్మ ఒక్కటే కళ అనీ చదువుకున్నవారిలో ఒక అభిప్రాయం స్థిరపడింది. కళలకు నిలయమైన కోల్‌కతాలోనూ అది గట్టిగానే పాతుకుపోయింది. ఆ అభిప్రాయం నిలిచేది కాదు.

బెంగాల్ బావుల్ గాయకుల ఏకతారానే చూడవచ్చు. సొరబుర్రను పైనా కిందా కోసి అడుగున మేకతోలు బిగిస్తారు. వెదురు బొంగును పై కణుపు దాకా రెండుగా చీల్చి, ఆ రెండు బద్దలనూ బుర్రకు చెరో పక్కా కడతారు. తోలు నడుమ నుంచి బయల్దేరిన ఒకే తీగ పైనున్న బిరడాకు చుట్టుకుంటుంది. బద్దలను వేళ్లతో నొక్కితే తీగ సడలి స్వరం దిగుతుంది, వదిలితే ఎక్కుతుంది. ఏడుపూ వేడుకోలూ పలికే ఆ జారుడంతా బద్ద ఎంత పలచగా చీలిందన్నదాని మీదే ఆధారపడుతుంది. పాట కళ అయి, ఆ బద్ద చీల్చడం కాకుండా పోవడానికి హేతువు లేదు.

చేసిందే మళ్లీ మళ్లీ చేస్తారు కాబట్టి కళ కాదన్నది మరో వాదం. ఏ రెండు బుర్రలూ ఒకలా కాయవు. కూరకు కోసే సొరకాయ పెంకు సితారు బుర్రకు పనికిరాదు, మందపు పెంకున్న చేదు రకమే కావాలి. కోల్‌కతా రవీంద్ర సరణిలో వాద్యాలు చేసేవారు బుర్రను వేలి కణుపుతో తట్టి, చెవి పెట్టి వింటారు. రవిశంకర్ సితారు చేసిన కోల్‌కతావాసి నోడు మల్లిక్ ఆయన పక్కన కూర్చుని తంబూరా కూడా మీటారు. చేసిన చెవీ, వాయించిన చెవీ ఒకే వేదిక మీద ఉన్నాయన్నమాట.

కళకూ చేతిపనికీ మధ్య గీసిన ఈ గీత ఎంత కృత్రిమమో నగర చరిత్రే చెబుతుంది. కలకత్తా ప్రభుత్వ ఆర్ట్ కాలేజీ 1854లో మొదలైంది పారిశ్రామిక కళల బడిగానే. చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాకూర్ చివరి ఏళ్లలో ఎండుకొమ్మలూ వేళ్లూ ఏరి ‘కుటుం కాటాం’ బొమ్మలు చేశారు, వాటిని కళగా అందరూ గౌరవించారు. అది న్యాయమే. వెదురులో చేట ఆకారాన్ని చూడగలిగిన డోం కులస్థుల కంటికి మాత్రం ఆ గౌరవం దక్కలేదు.

అసలు కారణం ఇక్కడే ఉంది. బెంగాల్‌లో బుట్టలల్లే పని డోంలది, తెలుగునాట మేదరులదీ ఎరుకలవారిదీ. 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద ముద్ర పడినవారిలో ఎరుకలవారూ ఉన్నారు. పనిని బట్టి కాక, చేసే మనిషి కులాన్ని బట్టి విలువ కట్టారు. బెంగాలీ పెళ్లిలో వరుణ్ణి ఎదుర్కొనేది చేటతోనే, తెలుగింట పుట్టిన బిడ్డను పడుకోబెట్టేదీ చేటలోనే. అల్లినవారి పేరు మాత్రం ఎవరూ అడగరు.

2021లో యునెస్కో గుర్తింపు పొందిన కోల్‌కతా దుర్గాపూజలో బుట్టలతో, చేటలతో నిండిన పందిళ్లు కనువిందు చేస్తున్నాయి. రూపకర్త పేరు హోర్డింగుకెక్కుతుంది. దాని కిందే అల్లినవారి పేర్లూ, ఊళ్లూ రాయాలి. వాద్యం మీద తయారీదారు పేరు ఉన్నట్టే మ్యూజియంలోని బుట్ట పక్కనా, తెలిసినంత వరకు, అల్లిన మనిషి పేరు ఉండాలి.