జీతము దాచవలసినదేనా?

ఆడవారి వయస్సును, మగవారి జీతమును అడుగరాదని మనవారిలో ఒక నానుడి గలదు. ఆడవారును జీతములు తెచ్చుచున్న యీ కాలమున ఆ నానుడిలోని విభాగమే చెల్లకపోయినది. జీతము అడుగరాదన్న మాట మాత్రము నిలిచియున్నది. అది నిలుచుటవలన ఎవరికి లాభమో విచారింపవలసియున్నది.

ఒక ఉదయము బేగంబజారులో నిలుచుండి చూచినవారికి ఈ విషయము ఏ గ్రంథమును చదువకయే బోధపడగలదు. సరకుబండి ఆగగానే హమాలీలు చేరుదురు. బస్తా దింపుటకెంత, మేడమీదికి ఎక్కించుటకెంత, దూరపు గోదామునకు మోయుటకెంత యనునది హమాలీకి తెలియును, సేటుకు తెలియును, బండి నడుపువానికిని, ఎదుటి దుకాణదారునికిని తెలియును. రేటు చాలనప్పుడు హమాలీలందఱును కలిసి పోయి యడుగుదురు. అవసరమైనచో పని నిలుపుదురు. కడకు ఒక అంకె కుదురును. ఇక అదే దుకాణములో గద్దె ప్రక్కన కూర్చుండి లెక్కలు వ్రాయు గుమాస్తా జీతమెంత? రెండవ గుమాస్తాకు తెలియదు. నెల మొదట కవరులోనో, ఫోనుద్వారానో వచ్చినదానిని అతడు మాఱుమాటాడక పుచ్చుకొనును. బడిమెట్లెక్కని హమాలీ తన కూలిని బాహాటముగా చెప్పుకొని పెంచుకొనుచుండగా, బి.కాం. చదివిన గుమాస్తా మర్యాద పేరిట నోరు మూసికొని వెనుకబడుచున్నాడు.

పూర్వము మన దేశపు అంగళ్లలో దళారులు తువ్వాలుక్రింద ఒకరి వ్రేళ్లనొకరు పట్టుకొని ధర కుదుర్చుకొనెడి ఆచారముండెను. పండించిన రైతు ప్రక్కనే నిలుచుండియు తన సరకు ఎంతకు పోయినదో యెఱుగడు. అదియును బజారు మర్యాదయనియే అప్పటివారు చెప్పిరి. మార్కెటు చట్టములు బహిరంగవేలమును నిర్బంధించిన పిదపగాని రైతు చెవిని ధర పడలేదు. సరకు ధర తువ్వాలుక్రిందినుండి బయటపడినది. శ్రమధర యింకను అచ్చటనే యున్నది.

జీతములు చెప్పుకొన్నచో అసూయలు పుట్టుననియు, గౌరవము పోవుననియు పెద్దలు చెప్పుదురు. పెండ్లిచూపులనాడు ఈ గౌరవమంతయు ఎచ్చటికి పోవునో మాకు తెలియదు. వరుని జీతమును, దానిపై ‘పైసంపాదన’ను కూడ ఏ సంకోచమును లేక అడిగి, మధ్యవర్తి చెప్పిన అంకెను నాలుగు వీథులకు చాటుకొనువారము మనమే. ఏ అంకెవలన కట్నము పెరుగునో అది చెప్పదగినది. ఏ అంకెవలన కూలి పెరుగునో అది చెప్పరానిది!

ఈ మౌనమునకు వెల యెవరు చెల్లింతురో మేము న్యాయస్థానములలో చూచియున్నాము. కొన్ని సంవత్సరములక్రిందట ఈ బజారులో పనిచేయుచుండిన ముప్పదియెనిమిదేండ్ల గుమాస్తా యొకడు రోడ్డుప్రమాదమున మరణించెను. ఇద్దఱు పిల్లలను వెంటబెట్టుకొని భార్య మాయొద్దకు వచ్చినది. “అమ్మా, ఆయన జీతమెంత?” అని యడిగితిమి. ఇంటిఖర్చునకు ఇచ్చుచుండినదెంతయో ఆమె చెప్పగలిగెనుగాని జీతమెంతయో చెప్పలేకపోయెను. తోటి గుమాస్తాలు తమకు తెలియదనిరి. వారు చెప్పినది నిజమే. యజమాని పుస్తకములో నున్న అంకె ఇంటిఖర్చుకంటెను తక్కువగా నుండెను.

ఇట్టి వ్యాజ్యములలో పరిహారము లెక్కించు పద్ధతిని 2009లో సరళావర్మ వ్యాజ్యమున సుప్రీముకోర్టు స్థిరపఱచినది. భార్యయు ఇద్దఱు పిల్లలును ఆధారపడియున్నచో ఆదాయములో మూడవవంతు మృతుని స్వంతఖర్చు క్రింద తీసివేసి, ఆ వయస్సునకు మిగిలిన సంవత్సరాదాయమును పదునైదుచే హెచ్చింతురు. భవిష్యత్తులో పెరుగు జీతమును విడిచిపెట్టి చూచినను, నెలకు వేయి రూపాయలు ఋజువుకాకపోయినచో ఆ కుటుంబమునకు 1,20,000 రూపాయలు నష్టము. ఋజువు బొత్తిగా లేనిచోట న్యాయస్థానము తానే ఒక అంకెను ఊహింపవలసివచ్చును. 2004లో జరిగిన ప్రమాదమును గుఱించిన రామచంద్రప్ప వ్యాజ్యమున ఒక కూలివాని నెలసరి ఆదాయమును 4,500 రూపాయలుగా 2011లో సుప్రీముకోర్టు అంగీకరించినది. నాటినుండి ఆ అంకెను ఉదాహరింపని వాదన అరుదు. బ్రతికియున్నన్నాళ్లు దాచుకొన్న జీతమును చనిపోయిన పిదప ఇతరులు ఊహించుట ఇట్లుండును.

జీతములను బహిరంగముగా పోల్చుట అమర్యాదయైనచో మన స్వాతంత్ర్యోద్యమమంత అమర్యాదకరమైనది మఱియొకటి లేదు. 1930 మార్చి 2వ తేదీన, దండియాత్రకు పదిదినములు ముందు, గాంధీమహాత్ముడు వైస్రాయి ఇర్విన్ ప్రభువునకు వ్రాసిన లేఖలో ఆయన జీతమునే ఆయన ముందుంచెను. వైస్రాయి జీతము నెలకు 21,000 రూపాయలు, అనగా దినమునకు ఏడువందలకు పైగా. భారతీయుని సగటు ఆదాయము దినమునకు రెండణాలకు లోపు. బ్రిటిషు ప్రధానమంత్రి తన దేశపు సగటుకు తొంబది రెట్లు పుచ్చుకొనుచుండగా వైస్రాయి అయిదువేల రెట్లకు పైగా పుచ్చుకొనుచున్నాడని లెక్క వేసి చూపెను. ఆ వ్యక్తియందు తనకు గౌరవము గలదనియు, తాను ఎత్తిచూపునది పద్ధతి దోషమనియు కూడ వ్రాసెను. అసూయకును పోలికకును గల భేదమిదియే. మరుసటి సంవత్సరము కరాచీ కాంగ్రెసు, నిపుణులను మినహాయించి, ప్రభుత్వోద్యోగి జీతము సాధారణముగా నెలకు 500 రూపాయలను మించరాదని తీర్మానించినది. 1937లో అధికారమునకు వచ్చిన కాంగ్రెసు మంత్రులు ఆ అయిదువందలకే కట్టువడిరి.

స్వరాజ్యము వచ్చిన పిదపను పోలికయే పేదవానికి ఆయుధమైనది. ఢిల్లీ పోలీసుశాఖలో మెట్రిక్యులేషను లేని డ్రైవరుకు 210-270 రూపాయల స్కేలుండెను. రైల్వేరక్షణదళములో అదే పని చేయువానికి 260-400. శాఖలు వేఱు గనుక పోల్చరాదని ప్రభుత్వము వాదించినది. 1982లో రణధీర్‌సింగు వ్యాజ్యమున తీర్పు వ్రాసిన తెలుగువాడు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు ఆ వాదమును త్రోసిపుచ్చి, పని ఒక్కటియైనప్పుడు శాఖాభేదము మాత్రమే తక్కువ జీతమునకు కారణము కాజాలదనిరి. ఆ డ్రైవరు గెలిచెను. ఏలనన ఇతరుల స్కేళ్లు అతనికి తెలిసియుండెను, అవి అచ్చుపడి యుండెను. 2016 జనవరినుండి వర్తించిన ఏడవ వేతనసంఘపు సిఫారసులలో కనిష్ఠ మూలవేతనము 18,000, గరిష్ఠము 2,50,000. ఆ రెంటి నడుమ దూరము న్యాయమో కాదో వాదింపవచ్చును. బేగంబజారు గుమాస్తా ఎవరితో, ఏ అంకెను చూపి వాదింపగలడు?

సేట్లందఱును దుర్మార్గులని మా భావము కాదు. చిల్లర లాభములపై బ్రతుకు చిన్న దుకాణదారులు అనేకులు గలరు. “ఒకనికి చెప్పినచో అందఱును అడుగుదురు” అని ఒక మిత్రుడు మాతో ననెను. ఏలకుల ధరను మాత్రము ఆయన ప్రొద్దున నాలుగు దుకాణములలో విచారించి గాని చెప్పడు. ఆయన ఏలకులకు చేయించు ఉపకారమును గుమాస్తా తనకు తాను చేసికొనరాదా?

చట్టము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పియేయున్నది. 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన 2019 నాటి వేతనముల కోడు 50వ సెక్షను ప్రకారము యజమాని తన నోటీసుబోర్డుపై ఏ తరగతి పనివానికి ఏ వేతనపు రేటో ప్రదర్శింపవలెను. పనివానికి వేతనచీటీ ఇయ్యవలెను. ఇంటిపనికిగాని వ్యవసాయమునకుగాని అయిదుగురికి మించక పెట్టుకొనువారికి మాత్రమే మినహాయింపు. అమెరికాలో పనివారు తమ జీతములను గుఱించి తమలో తాము మాటాడుకొను హక్కునకు 1935 నాటి చట్టమే రక్షణ కల్పించినది. మన బజారులో దేవుని పటములకును, ‘అరువు లేదు’ అను బోర్డులకును గోడలపై చోటున్నది. ఈ యొక్క కాగితమునకు మాత్రము చోటు దొరకుట లేదు.

ఇతరులకు చెప్పుటకు ముందు మా వృత్తిని గుఱించి చెప్పవలసియున్నది. వకీలు పనికిని మంగలి పనికిని విలువ యొక్కటియేయన్న పాఠమును గాంధీజీ రస్కిను గ్రంథమునుండి 1904లో గ్రహించెను. ఆ పాఠమును సభలలో ఉదాహరించు మాబోటివారు జూనియర్లకు ఏమిత్తురో ఒకరికొకరు చెప్పుకొనరు. పట్టణములలో జూనియరుకు నెలకు 20,000, పల్లెలలో 15,000 రూపాయలకు తగ్గరాదని 2024లో భారత బార్ కౌన్సిలు సిఫారసు చేసినది. అది సిఫారసు మాత్రమే. ఎందఱు పాటించుచున్నారని అడిగినచో ఆ సంభాషణ వెంటనే వాతావరణముమీదికి పోవును.

గడచిన నెల మా కచ్చేరీలో ఇద్దఱు జూనియర్లకును గుమాస్తాకును ఇచ్చు మొత్తములను ఒక కాగితముమీద వ్రాసి గోడకు అంటించితిమి. వ్రాయునప్పుడే తెలిసినది, పదునాలుగేండ్లుగా మావద్ద పనిచేయుచున్న గుమాస్తాకు వచ్చునది నిరుడు చేరిన జూనియరుకు వచ్చుదానికంటె తక్కువయని. అతడు ఆ కాగితమును చదివి ఏమియు అనలేదు; ఫైళ్లు కట్టుకొని కోర్టునకు పోయెను. సాయంకాలము తిరిగివచ్చి, దానిని గుఱించి మాటాడవలెనని తానే అడిగెను. మాటాడితిమి. గోడమీద ఇప్పుడున్నది రెండవ కాగితము.