మరహూం ఫౌజీ మన సర్టిఫికెట్ కాదు

ఆగస్టు 15 వచ్చినా, జనవరి 26 వచ్చినా మన ఫోన్లలో అవే ఫోటోలు. బ్రిగేడియర్ ఉస్మాన్, హవల్దార్ అబ్దుల్ హమీద్, ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్. కింద ఒక మాట: "మేమూ ఈ దేశానికి ఇచ్చాం." బొబ్బిలి పిల్లలూ ఇదే స్టేటస్ పెడతారు, మర్నాటికి తీసేస్తారు. ఈ రివాజు మీద నాకు ఐతరాజ్ ఉంది.

ఆ మాట ఎవరి కోసం రాస్తున్నాం? మన వఫాదారీకి సబూత్ అడిగేవాళ్ల కోసమే కదా. ఒక షహీద్ పేరు చెప్తే వాళ్లు ఇంకోటి అడుగుతారు. ఇచ్చేకొద్దీ, అడిగే హక్కు వాళ్లకుందని మనమే ఒప్పుకున్నట్టవుతుంది.

లతీఫ్ సాబ్ జిందగీ చూడండి. 1923లో హైదరాబాద్‌లో పుట్టారు. పద్దెనిమిదేళ్లకే వాయుసేనలో చేరారు, బర్మా మోర్చాలో విమానం నడిపారు. 1947లో దేశంతోపాటు ఫౌజ్ కూడా తక్సీం అయింది. తోటి అఫ్సర్లు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ పాకిస్తాన్ వాయుసేనకు రమ్మని పిలిచారు. ఆ ఇద్దరూ తర్వాత అక్కడ చీఫ్‌లయ్యారు. ఈయన వెళ్లలేదు. సొంత ఇంట్లో ఉండిపోయినవాణ్ణి రసీదు ఏదని ఎవరైనా అడుగుతారా? 1978 నుంచి 1981 దాకా భారత వాయుసేనకు చీఫ్‌గా పనిచేశారు. జాగ్వార్ విమానాలు వచ్చింది ఆయన హయాంలోనే. తర్వాత మహారాష్ట్ర గవర్నర్, ఆపైన ఫ్రాన్స్‌లో మన రాయబారి. 2018 ఏప్రిల్ 30న హైదరాబాద్‌లోనే ఇంతెఖాల్ అయ్యారు. ఇంత పని చేసిన మనిషిని "వఫాదార్ ముసల్మాన్" అనే రెండు మాటల్లో మూట కడితే అది ఇజ్జత్ ఇచ్చినట్టా, తగ్గించినట్టా?

ఫౌజీ అంటే మనకు బందూకే గుర్తొస్తుంది. తుఫానొస్తే హెలికాప్టర్ నడిపేదీ, పడవ దింపేదీ ఫౌజీలే. అమెరికాలో జూలియస్ బెక్టన్ అనే జనరల్ ఉండేవారు. నల్లవాళ్లను వేరే పటాలాల్లో ఉంచే రోజుల్లో, 1944లో సైన్యంలో చేరారు. రెండో ప్రపంచ యుద్ధం, కొరియా, వియత్నాం మూడింట్లోనూ పనిచేశారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేదు. 1985 నుంచి 1989 దాకా ఆ దేశపు విపత్తుల సంస్థ ఫెమాను నడిపారు. 2023లో, 97 ఏళ్ల వయసులో పోయారు. తనను వేరుగా నిలబెట్టిన దేశంలోనే, ఆపదొస్తే అందరి జాన్ కాపాడాల్సిన కుర్చీలో కూర్చున్నారాయన. ఆ ఖిద్మత్ ఎవరికో చూపించుకునే సబూత్ కాదు. ఫర్జ్.

కాపాడినవాడికి ఇజ్జత్ ఎలా ఇవ్వాలో మన ఊరికి కొత్తగా నేర్పక్కర్లేదు. పాత గెజెటీర్లు చెప్పే కథ ఇది. పదిహేడో శతాబ్దంలో ఫౌజ్‌దార్ షేర్ మహమ్మద్ ఖాన్ వెంట పెద్దరాయుడు ఈ ప్రాంతానికొచ్చారు. ఆయన కొడుకు లింగప్ప ఇక్కడ కోట కట్టి, ఫౌజ్‌దార్ పేరులోని "షేర్" మీద ఊరికి పెద్దపులి అని పేరు పెట్టారు. అదే నోళ్లలో బొబ్బిలి అయింది. ఆ ఫౌజ్‌దార్ కొడుకును దుష్మన్లు ఎత్తుకుపోతే లింగప్పే విడిపించారు. బదులుగా పన్నెండు ఊళ్లు, రంగారావు అనే బిరుదు దక్కాయి. ఒక వెలమ దొర ఒక సాయిబు బిడ్డను కాపాడాడు. అక్కడ ఎవరూ ఎవరి వఫాదారీనీ తూచలేదు. 1757 బొబ్బిలి యుద్ధం అందరికీ నోటికొచ్చు. ఈ కథ మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

"నీకేం, రాస్తావు. సబూత్ చూపించకపోతే కిరాయికి ఇల్లు కూడా ఇవ్వరు" అంటారు కొందరు అమ్మీలు, అబ్బాలు. ఆ భయం ఝూట్ అని నేననను. కానీ స్టేటస్ చూసి తాళం చెవి చేతిలో పెట్టిన ఓనరు మీకెవరైనా తెలుసా? భయానికి ఫోటో దవా కాదు.

మరి ఇజ్జత్ అంటే ఏది? 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ మన ఉత్తరాంధ్రను ఊపేశాయి. 2023 అక్టోబర్ 29న కంటకాపల్లి దగ్గర ప్రమాదానికి గురైన రాయగడ ప్యాసింజర్ మన బొబ్బిలి మీదుగా వెళ్లే బండే. మళ్లీ అలాంటి రాత్రి వస్తే మన మొహల్లాలో ఏం తయారుగా ఉంది? మస్జిద్ మైకులో తుఫాను హెచ్చరిక చెప్పే ఇంతెజాం ఉందా? ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ఏ గల్లీలో ఉన్నారో, వాళ్లు ఏ మజహబ్ అయినా సరే, కమిటీ దగ్గర రాసుందా? పారే నెత్తురు ఆపడం, ఆగిన గుండెను నొక్కడం వచ్చిన కుర్రాళ్లు ఎందరు? ఆపద మిత్ర పేరుతో సర్కారు తాలీం ఇచ్చినప్పుడు మనలో పేరు రాయించుకున్నదెవరు? విజయనగరం పక్కనే కోరుకొండ సైనిక్ స్కూల్ ఉంది. ఇప్పుడు బేటీలనూ తీసుకుంటున్నారు. ఎంట్రన్స్‌కు ఎన్ని ఇళ్లలో పిల్లలు చదువుతున్నారు?

ఇవన్నీ చేస్తే మెచ్చుకుంటారని చెప్పడం లేదు. మెచ్చుకోకపోవచ్చు కూడా. వరదలో మునిగేవాడు చెయ్యి చాపినప్పుడు, పట్టుకున్నవాడి పేరేంటని చూడడు. మనం కూడా ఎవరు చూస్తున్నారని చూడొద్దు.

ఈసారి ఏప్రిల్ 30న లతీఫ్ సాబ్‌కు మగ్ఫిరత్ దువా చేయండి. స్టేటస్ వద్దు. ఆ సాయంత్రం మస్జిద్ కమిటీ కూర్చుని, ముసలివాళ్ల ఆ జాబితా రాయడం మొదలుపెట్టండి.